పదిహేడో నంబరు డబ్బా

కళ్ళద్దాల షాపు మేడ మీద గది,
జూన్ మొదటి ఆదివారం.

వదినకి,

నేను క్షేమం. నీ క్షేమం అడగను. నిన్ను ముట్టుకునే ధైర్యం ఏ జబ్బుకీ లేదని మన ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. అన్నయ్య పోయిన ఈ మూడేళ్ళలో మనం నాలుగుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నాం. నాలుగుసార్లూ మూడో మాటకే ఠపీమని పెట్టేశావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు. చింపగలవు, కానీ చదవకుండా చింపేంత నిగ్రహం నీకెక్కడిది?

సంగతేమిటంటే, కొండ మీది సైకిల్ పందెం ఈ అక్టోబరులో మళ్ళీ పెడుతున్నారు. మూడేళ్ళ కిందట నేనూ అన్నయ్యా కలిసి వెళ్ళిన పందెమే, అన్నయ్య పడిపోయాక ఆపేశారు. దారి బాగుచేశారు, దిగేటప్పుడు అన్నయ్య పడిన మూడో మలుపు దగ్గర కంచె కూడా కట్టారు. నేను పేరిచ్చాను. నువ్వు పళ్ళు కొరుకుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

ఎక్కేది ఇరవై రెండు కిలోమీటర్లు, దిగేది పదిహేను. రాళ్ళూ చెట్ల వేళ్ళూ తప్ప రోడ్డనేది ఉండదు. పగలంతా అద్దాలు అరగదీస్తూ కూర్చునేదాన్ని కదా, అయినా తొమ్మిదో కిలోమీటరు దాకా కాళ్ళు బాగానే ఆడుతున్నాయి. పదోది వచ్చేసరికి ఒంట్లో ఏమీ మిగలడం లేదు. కళ్ళు బైర్లు కమ్ముతాయి, చేతులు వణుకుతాయి, ఊరికే ఏడుపొస్తుంది. పోయిన ఆదివారం సైకిల్‌ని ఒక రాయికి ఆనించి దానితోనే పోట్లాడాను.

మా సైకిల్ గుంపులో అందరూ పొద్దున ఒక కాఫీ, దారిలో ఒకటో రెండో జెల్ ప్యాకెట్లు. తియ్యటి జిగురు, చింపి నోట్లో పిండుకోవడమే. నేనూ అంతే. కొత్త పద్ధతి, నీకు అర్థం కాదులే. అయినా అడుగుతున్నా: అన్నయ్యకి సైకిల్ తొక్కే రోజుల్లో డబ్బా కట్టేదానివిగా, అందులో ఏం పెట్టేదానివి? నీ వంట మీద గౌరవంతో అడుగుతున్నానని పొంగిపోకు. కార్ఖానా క్యాంటీన్లో మూడొందల నలభై మందికి ఒకే గరిటె తిప్పేదాన్ని వంట అనరు, సిమెంటు కలపడం అంటారు. తెలుసుకుందామని, అంతే.

నీ ఆడపడుచు


కార్ఖానా క్యాంటీన్, సామాన్ల గది,
జూన్ మూడో బుధవారం.

సైకిల్ మహారాణి గారికి,

తమరి ఉత్తరం అందింది. చింపలేదు. ముందు దాని మీద ఉల్లిపాయలు తరిగాను, తర్వాత చదివాను.

నలభై ఆరేళ్ళు నీకు. మోకాలికి పట్టీ, ఒంటికి బిగుతు లాగు, నెత్తిన పుచ్చకాయ చిప్ప లాంటి టోపీ. ఆ వేషంలో కాఫీ నీళ్ళు తాగి కొండెక్కుతావా? మా కార్ఖానాలో బస్తాలు మోసే మనిషి కాఫీ తాగి షిఫ్టుకి వస్తే గరిటె తిరగేసి కొడతాను. జెల్ అంటే ఏమిటని మా గిన్నెలు తోమే ఆవిడ అడిగింది. తినేదట అన్నాను. "జుట్టుకి రాసుకునేది కాదూ?" అంది. ఆవిడ బడికెళ్ళలేదు. నువ్వు వెళ్ళావు.

ఇక డబ్బా సంగతి. ఎంత గుండె ధైర్యమే నీకు, ఆ డబ్బా ఊసెత్తడానికి?

తెలియనట్టు అడిగావు కాబట్టి తెలిసేలా రాస్తాను. పందెం ముందు రోజు సాయంత్రం మీ అన్నయ్య కంచం ముందు కూర్చుని, "ఈ ఉప్పు దుంపలు తిని తిని నాలుక మొద్దుబారింది. చెల్లి తాగే పొడే నయం, నీళ్ళలో కలుపుకుంటే చాలంట" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అయితే ఆకలితో చచ్చినా సరే, నా చేతి తిండి ముట్టకు" అన్నాను. నోరు జారింది. సర్దుకునే సందు ఇచ్చాడా? కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

పొద్దున్నే లేచి మళ్ళీ నేనే డబ్బా కట్టాను. మా క్యాంటీన్ డబ్బానే, మూత మీద పదిహేడు అంకె కొట్టిన స్టీలు డబ్బా. ఆయన బూట్లు కట్టుకుంటుంటే ఆయన కళ్ళముందే సంచిలో పెట్టాను. చూశాడు. మాట్లాడలేదు. వెళ్ళొస్తానని కూడా అనలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో ఆయన సంచి నా చేతికిచ్చారు. గాలి పంపు, చింపేసిన జెల్ కవరు, కళ్ళద్దాలు తుడుచుకునే గుడ్డ. డబ్బా లేదు. మర్నాడు మా వ్యాన్ డ్రైవర్ని పంపి ఆ దారంతా వెతికించాను. లేదు.

విసిరేశాడు. నా మీద కోపంతో నా తిండిని ఏ పొదలోకో గిరాటేసి, ఖాళీ కడుపుతో ఎక్కి, కళ్ళు తిరిగి పడిపోయాడు. అన్నం మీద అలిగి చచ్చిపోయిన మనిషి పెళ్ళాన్ని నేను. మూడేళ్ళుగా ఆయన ఫోటోతోనే మాట్లాడటం లేదు. నీతో మాట్లాడకపోవడం ఒక విశేషమా?

కాబట్టి నన్ను డబ్బా గురించి అడక్కు. గిన్నెలు తోమే ఆవిడ బతిమాలితే ఒక్క ముక్క రాస్తున్నా. సైకిలెక్కే ముందు ఇంత అన్నం తిని చావు.

నీ వదిన


కళ్ళద్దాల షాపు మేడ మీద గది,
జూలై రెండో ఆదివారం.

వదినకి,

నీ ఉత్తరం విప్పగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయ వాసనకే, మురిసిపోకు.

నువ్వు చెప్పినట్టే అన్నం తిన్నా. రెండుసార్లు వడ్డించుకుని, నూనె ఓడే వేపుడుతో, కడుపు బిర్రుగా. పావుగంటలో సైకిలెక్కా. రెండో మలుపు తిరిగేసరికి తిన్నదంతా బయటికొచ్చింది, గుంపు మొత్తం చూస్తుండగా. మా గుంపు పెద్దాయన సీసా అందిస్తూ, "ఇలా తినమని ఎవరు చెప్పారు మేడమ్?" అన్నాడు. మా వదిన, పేరుమోసిన వంటమనిషి అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. కొండ మీద నీ పేరు మోగిపోతోంది.

ఈ పందెంలో ఎవరూ తిండి పెట్టరు, ఎవరిది వాళ్ళే మోసుకెళ్ళాలి. మోసే తిండి బరువుండకూడదు, నలగకూడదు, ఎండకి పాడవకూడదు, ఒక చేత్తో తినగలగాలి. నీ బస్తాల వాళ్ళు బల్ల మీద కంచం పెట్టుకుని తింటారు. నేను ఎగిరెగిరి పడే సైకిల్ మీద తినాలి. ఈ తేడా నీ బుర్రకెక్కుతుందని నాకు ఆశ లేదు.

డబ్బా గురించి ఏదేదో రాశావు. అన్నయ్య విసిరేసే మనిషి కాదు. చిన్నప్పుడు విరిగిన పెన్సిల్ ముక్క కూడా దాచుకునేవాడు. నేను చెప్పగలిగింది అంతే. ఇంక ఆ విషయం వదిలెయ్. షాపులో ఊపిరాడనంత పనుంది.

నీ ఆడపడుచు


కార్ఖానా క్యాంటీన్, సామాన్ల గది,
జూలై ఆఖరి వారం.

కొండ మీద కక్కుకున్న మహాతల్లికి,

నీ ఉత్తరం గిన్నెలు తోమే ఆవిడకి చదివి వినిపించాను. కూర్చుని నవ్వింది, లేచి నవ్వింది, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వింది. నిన్ను ఒకసారి చూడాలట.

అన్నం తినమంటే పావుగంట ముందు వేపుడుతో తినమన్నానా? ముప్ఫై ఏళ్ళుగా మనుషులు తినడం, తిని పని చెయ్యడం చూస్తున్నాను. పొద్దున షిఫ్టు సైరన్‌కి రెండున్నర మూడు గంటల ముందు తిన్నవాడు మధ్యాహ్నం దాకా చలాకీగా బస్తాలు మోస్తాడు. సైరన్ మోగుతుంటే గబగబా మింగినవాడు గోడకి ఆనుకుని పొట్ట పట్టుకుంటాడు. ఇది చూడ్డానికి పుస్తకాలు చదవాలా?

రాసుకో. మూడు గంటల ముందు మెత్తటి అన్నం, ఒక ఉడికిన గుడ్డు, చిటికెడు ఉప్పు. నూనె వద్దు, వేపుడు వద్దు. అంత పొద్దున్నే లేవలేనంటావు. అయితే పందెం మానెయ్, పడుకో.

దారిలో అరగంటకొకసారి ఒక ముద్ద. ఆకలి వేసినా వెయ్యకపోయినా సరే. నువ్వు ఆకలేసేదాకా ఆగుతున్నావు, అదీ నీ రోగం. ఆకలి తెలిసేసరికి కాళ్ళలో ఏమీ ఉండదు, అప్పుడు జెల్ పిండుకున్నా, జెల్‌తో స్నానం చేసినా ఏం లాభం? ఆకలి వెయ్యకముందే తినాలి. నీళ్ళూ అంతే. సీసాలో కాస్త ఉప్పు, కాస్త పంచదార వేసుకుని గుక్కెడు గుక్కెడు తాగు.

మోసుకెళ్ళడానికి కోడిగుడ్డంత బంగాళాదుంపలు. తొక్క తియ్యకుండా, బాగా ఉప్పేసిన నీళ్ళలో ఉడికించు. నీళ్ళు వంచేసి, పొయ్యి మీదే గిన్నె కుదిపితే తొక్క మీద ఉప్పు తెల్లగా పూస్తుంది. చల్లారాక జేబులో వేసుకో. నలగవు, ఒక చేత్తో తినొచ్చు. ఎగిరెగిరి పడే నీ సైకిల్ సంగతి నాకు తెలుసు తల్లీ. ఆయన కోసం ఇవన్నీ ఆలోచించినదాన్ని నేనే.

విసిరేసే మనిషి కాదన్నావు. మరి డబ్బా ఏమైనట్టు? కాళ్ళొచ్చి నడిచిపోయిందా? పెన్సిల్ ముక్క దాచుకున్నవాడు పెళ్ళాం చేతి తిండి దాచుకోలేకపోయాడు. పైపెచ్చు వదిలెయ్ అని నాకు సలహా ఒకటి. నీకేం, వదిలేస్తావు.

నీ వదిన


కళ్ళద్దాల షాపు మేడ మీద గది,
ఆగస్టు మూడో ఆదివారం.

వదినకి,

ఇది రాయడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. పనిచేసింది.

మూడు గంటల ముందు లేచి ఆ చప్పిడి అన్నం తిన్నా. అరగంటకొకసారి గడియారం చూసుకుని ఒక దుంప కొరికా. పదో కిలోమీటరు వచ్చింది, వెళ్ళిపోయింది. పద్నాలుగోది కూడా. గుంపు పెద్దాయన వెనక నుంచి, "ఏం తింటున్నారు మేడమ్?" అని అరిచాడు. జెల్ అని చెప్పా. నీకు పేరు రావడం నేను చూడలేను.

కానీ రుచి విషయం మాట్లాడుకుందాం. సుద్దముక్క నములుతున్నట్టుంది. మూడోది గొంతు దిగడానికి అరసీసా నీళ్ళు పట్టాయి. నువ్వు నిమ్మతొక్క తురిమి వేస్తావు చూడు, అది నేను వెయ్యలేదు, ఇంట్లో నిమ్మకాయ లేదు. ఈసారి వేస్తా, అప్పుడైనా మనుషులు తినేలా ఉంటాయేమో. అంత ఉప్పు దేనికో కూడా నాకు అర్థం కాలేదు. మీ కార్ఖానాలో మనుషుల్ని ఊరబెడుతున్నారా?

ఇంకా ఎనిమిది వారాలుంది. పొద్దున అన్నానికి బదులు రొట్టె తినొచ్చా? జవాబు రాస్తే రాయి, లేకపోతే లేదు.

నీ ఆడపడుచు


కార్ఖానా క్యాంటీన్, సామాన్ల గది,
ఆగస్టు ఆఖరి శుక్రవారం.

ఏమే,

నిమ్మతొక్క సంగతి నీకెవరు చెప్పారు?

పోయినసారి దుంపల గురించి రాశానుగా. అందులో నిమ్మతొక్క లేదు, నా ఉత్తరం తీసి చూసుకో. నేను ఎప్పుడూ వెయ్యను. బతుకులో ఒక్కసారి వేశాను. ఆ పొద్దున. నాలుక మొద్దుబారిందన్నాడుగా. తిట్టినదాన్ని తిట్టాను, మళ్ళీ నాకే మనసొప్పక, ఉన్న ఒక్క నిమ్మకాయ తొక్క తురిమి, కాస్త వెన్నతో ఆ ఆరు దుంపలకీ పట్టించి మూత బిగించాను. ఆయనకి చెప్పలేదు. తిన్నప్పుడు తనే తెలుసుకుంటాడనుకున్నాను. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. గిన్నెలు తోమే ఆవిడతో కూడా.

మూత తెరిచి తింటే తప్ప తెలియని సంగతి అది.

తిన్నాడా? తింటుంటే చూశావా? తిని నీకు చెప్పాడా?

ఒక్క ముక్క చాలు. రొట్టె తినొచ్చు. జవాబు వెంటనే రాయి.

నీ వదిన


కళ్ళద్దాల షాపు మేడ మీద గది,
సెప్టెంబరు మొదటి వారం.

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం చదివి మనసంతా ఎలాగో అయిపోయింది. అవును వదినా, అన్నయ్య తిన్నాడు. కొండ పైన ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. మూత తియ్యగానే నిమ్మ వాసన వచ్చింది. "మీ వదిన చెయ్యి బంగారం" అన్నాడు. అన్నీ తిన్నాడు. డబ్బా తర్వాత దిగేటప్పుడు ఎక్కడో జారిపోయి ఉంటుంది. నీ మీద ఆయనకి కోపం లేదు. ఇంక నువ్వు మనశ్శాంతిగా ఉండు. ఆరోగ్యం జాగ్రత్త.

ప్రేమతో,
నీ ఆడపడుచు


కార్ఖానా క్యాంటీన్, సామాన్ల గది,
సెప్టెంబరు రెండో వారం.

అబద్ధాలకోరుకి,

ఇరవై నాలుగేళ్ళుగా నిన్ను చూస్తున్నాను. నన్ను తిట్టకుండా నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఇది. "ప్రియమైన" దగ్గరే నాకు అనుమానమొచ్చింది, "ఆరోగ్యం జాగ్రత్త" దగ్గర రూఢి అయింది. మీ అన్నయ్య నా చెయ్యి బంగారం అన్నాడా? ఆయన బతికున్నన్నాళ్ళూ "పర్లేదు" దాటి ఒక్క మాట అన్న పాపాన పోలేదు. అబద్ధమాడటానికి కూడా మనిషికి కాస్త తెలివి ఉండాలి.

డాక్టరు ఇచ్చిన కాగితం నా బీరువాలో ఉంది. కడుపులో ఏమీ లేదని రాశాడు. ఆయన తినలేదు.

ఇంకొకటి. సంచిలో వచ్చిన గుడ్డతో మూడేళ్ళుగా నా కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. నిన్న తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాను. మీ షాపు గుడ్డ అది. మీ అన్నయ్యకి కళ్ళజోడు ఎక్కడిది?

ఆ సంచి నీది.

మీవి రెండూ ఒకేలాంటి సంచులని నాకు తెలుసు. ఇన్నాళ్ళూ తట్టలేదు. నా బుర్ర కూడా ఏం తక్కువ తినలేదులే.

ఇప్పుడు కూర్చుని నిజం రాయి. నన్ను ఓదార్చకు, నీకు చేతకాదు. తిట్టి రాయి, అప్పుడే నమ్ముతాను.

నీ వదిన


కళ్ళద్దాల షాపు మేడ మీద గది,
సెప్టెంబరు మూడో ఆదివారం.

వదినా,

తిట్టమన్నావు. ఎవరిని తిట్టాలో నాకు తెలుసు. అది నువ్వు కాదు.

ఆ రోజు కొండ కిందికి జీపులో వెళ్ళాం. దారిలో అన్నయ్య నవ్వుతూ అన్నాడు: "నిన్న మీ వదిన నన్ను ఆకలితో చావమంది. పొద్దున చూస్తే మళ్ళీ డబ్బా కట్టింది. ఏమనాలో తోచక నోరు మూసుకుని వచ్చేశా." ఇప్పుడే తినెయ్యరాదూ అన్నాను. "ఇక్కడొద్దు. పైకెళ్ళాక తింటా, తీరిగ్గా" అన్నాడు. ఇవి ఆయన మాటలే, ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. అలక లేదు, పాడూ లేదు. నీకు భయపడి మాట్లాడలేదు, అంతే. నీకు భయపడని వాళ్ళు మన ఇంట్లో ఎవరున్నారు?

జీపు దిగి సంచులు కింద పెట్టాం. తొందరలో నేను ఆయనది తగిలించుకున్నా. బరువు తేడా తెలియలేదు. నిజానికి తెలిసిందేమో, చూసుకోలేదు. ఆయన ఎప్పటిలాగే వెనకబడ్డాడు, నేను ముందు వెళ్ళిపోయా.

పైకి చేరేసరికి కడుపు కాలిపోతోంది. జెల్ కోసం చెయ్యి పెడితే డబ్బా తగిలింది. ఎవరిదో తెలుసు. ఆయన ముప్పావుగంట వెనక ఉన్నాడనీ తెలుసు. ఆగి, వచ్చాక ఇవ్వాలి. ఒక్కటి తిందామనుకున్నా. వదినా, నిమ్మ వాసన, వెన్న, ఆ ఉప్పు. నా జన్మలో అంత రుచైనది తినలేదు. ఆరూ తిన్నా. వేలితో అడుగు కూడా తుడిచి నాకా. ఆయన దగ్గర నా జెల్ ఉందిలే అని సర్దిచెప్పుకున్నా. ఒకటే ఉందని, పొద్దున నేనే లెక్కపెట్టి పెట్టానని కూడా గుర్తుంది. నిలబడితే టైం పోతుంది, ఆడవాళ్ళలో మూడో స్థానంలో ఉన్నా. దిగిపోయా.

ఆయన పైకొచ్చి నా కోసం చూసి ఉంటాడు. సంచి మారిందని అప్పటికి తెలిసే ఉంటుంది. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. కింద నా చేతికి మూడో స్థానం చీటీ ఇచ్చారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటుంటే కబురొచ్చింది.

నువ్వు డబ్బా కోసం కొండంతా వెతికిస్తున్నావని తెలిసినప్పుడు అది నా సొరుగులో ఉంది. మూడేళ్ళుగా అందులో కళ్ళజోళ్ళ చిన్న స్క్రూలు వేసుకుంటున్నా, ఎవరైనా చూస్తే మామూలు డబ్బా అనుకోవాలని. నిన్ను తిడుతూ బతికేశా. నువ్వే ఆయన్ని ఖాళీ కడుపుతో పంపావని చుట్టాలందరూ అంటుంటే విని ఊరుకున్నా. ఒక ఇంట్లో అయితే నేనే అన్నా.

ఇంతకంటే నీచం ఏముంటుందో నువ్వే చెప్పు. మాటలు నీకు బాగా వచ్చు.

డబ్బా ఈ ఉత్తరంతో పంపుతున్నా. పందెం నుంచి పేరు తీయించేస్తా.

ఆడపడుచు అనిపించుకునే మొహం లేదు.


కార్ఖానా క్యాంటీన్, సామాన్ల గది,
అక్టోబరు మొదటి సోమవారం.

దొంగమొహం దానికి,

డబ్బా అందింది. అడుగున రెండు స్క్రూలు ఉండిపోయాయి. వెతుక్కుంటావేమో, కవర్లో పెట్టాను.

పది రోజులు నీకు రాయలేదు. రాసి చింపాను. అందులో ఉన్న మాటలు టపా వాళ్ళు మొయ్యలేరు. నిన్ను క్షమించానని ఈ ఉత్తరంలో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతక్కు, లేదు. తిన్నందుకు కాదు. ఆకలేసి తిన్నావు, ఆకలంటే నాకు తెలుసు. ఆగకుండా దిగిపోయావు చూడు, దానికి. మూడేళ్ళు నోరు మూసుకున్నావు చూడు, దానికి.

కానీ ఆయన విసిరెయ్యలేదు. సామాన్ల గదిలో బియ్యం బస్తాల మధ్య నిలబడి ఈ మాట పైకే నాలుగుసార్లు అన్నాను. గిన్నెలు తోమే ఆవిడ వచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

ఇంటికెళ్ళి ఫోటో ముందు కుర్చీ వేసుకున్నాను. మూడేళ్ళ తర్వాత మొదటి మాట. "పైకెళ్ళాక తింటావా? వెళ్ళావుగా, తిను" అన్నాను. తర్వాత చాలాసేపు ఏడ్చాను. హాయిగా ఉంది. అలిగి పోలేదు. తిందామనే పోయాడు. నా డబ్బా కోసమే ఆ కొండ ఎక్కాడు.

ఇప్పుడు నీ సంగతి. పేరు తీయించేస్తే తప్పించుకుంటావా? అంత తేలిగ్గా వదలను. తీయించకు, తొక్కు. పందెం పొద్దున మా వ్యాన్ డ్రైవర్ కొండ కింద నీకు ఇదే డబ్బా ఇస్తాడు. ఆరు దుంపలు. ఎక్కేటప్పుడు అరగంటకొకటి, మూడు నువ్వు తిను. మిగతా మూడూ ముట్టకు. పైన ఆగు. అందరికంటే వెనక వచ్చే మనిషి ఎవరో, వచ్చేదాకా ఆగు. ఎంతసేపైనా సరే. మూడో స్థానం కాదు, ముప్ఫయ్యో స్థానం పోయినా సరే. వచ్చాక కూర్చోబెట్టి నీ చేత్తో ఆ మూడూ పెట్టు. తిన్నాకే దిగనివ్వు.

ఆ మనిషి రాకముందు కదిలావో, నా గడప తొక్కకు.

నీ వదిన


కళ్ళద్దాల షాపు మేడ మీద గది,
అక్టోబరు మూడో సోమవారం.

వదినకి,

మీ వ్యాన్ డ్రైవర్ డబ్బా ఇచ్చి, నేను పైకి వెళ్తానో లేదో చూడ్డానికి అరగంట అక్కడే నిలబడ్డాడు. పోలీసుని పంపావని నాకు తెలియదనుకోకు.

మూడు తిన్నాను. ఎక్కడా కళ్ళు తిరగలేదు. పైకి ఆడవాళ్ళలో రెండోదాన్నై చేరాను. తర్వాత రాయి మీద కూర్చున్నాను. గంటా యాభై నిమిషాలు. వచ్చిన వాళ్ళందరూ "సైకిల్ పాడైందా?" అని అడిగి వెళ్ళిపోయారు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత మీద పదిహేడు వైపు చూస్తూ కూర్చున్నా. అన్నయ్య ఇక్కడే ఎటు తిరిగి నా కోసం చూసి ఉంటాడా అనుకుంటూ ఏడ్చాను.

ఆఖరున వచ్చింది ఒక పళ్ళ డాక్టరు, అరవై రెండేళ్ళ మనిషి. సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. పొద్దున ఏం తిన్నారంటే కాఫీ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు నన్ను తిట్టినవన్నీ ఆయన్ని తిట్టాను, ఒక్కటి మిగల్చలేదు. ఒక్కొక్కటే నోటికందించాను. మూడూ తిని పావుగంట పడుకున్నాడు. లేచి, "ఎవరమ్మా చేసింది?" అన్నాడు. మా వదిన అని చెప్పాను. ఈసారి జెల్ అనలేదు.

దిగేటప్పుడు ఆయన్ని ముందు పెట్టి నేను వెనక దిగాను. మూడో మలుపు మెల్లగా దాటాం. కాబట్టి నూట ఆరుగురిలో నేను నూట ఆరో మనిషిని.

డబ్బా కడిగి ఆరబెట్టాను. వచ్చే ఆదివారం సైకిల్ మీద నేనే తెచ్చి ఇస్తాను. రెండున్నర గంటల దారి. తినే బయల్దేరతా, భయపడకు. అయినా అన్నం వండి ఉంచు. తలుపు తియ్యకపోతే గడప బయట కూర్చుని తింటాను.

నీ ఆడపడుచు

తాజా కలం: ఈసారి నిమ్మతొక్క ఎక్కువైంది.